తాళం తీసినా ఆగని ఇంజన్: టీవీ హారర్ కథలో పాత కారు

మీ ప్రశ్న, దానితో పంపిన స్క్రిప్టు రెండుసార్లు చదివాను. చనిపోయిన పెదనాన్న నుంచి హీరోకి 1930ల నాటి నల్ల కారు ఒకటి వస్తుంది. దాన్ని నడిపిన ప్రతివాళ్లూ ఏదో ఒక రకంగా పోతుంటారు. చివర్లో డ్రైవరు లేకుండా ఆ కారు హీరోని రోడ్డు మీద తరుముతుంది. నలభై ఐదు నిమిషాల ఎపిసోడ్. స్క్రిప్టు చదివి వినిపిస్తే ఎవరూ భయపడలేదు, తరిమే సీన్ దగ్గర ఇద్దరు నవ్వారు. తప్పెక్కడుంది, ఎలా సరిచెయ్యాలి అని అడిగారు.

నేను పద్దెనిమిదేళ్లుగా టీవీకి రాస్తున్నాను, అందులో సగానికి పైగా హారరే. దానికి ముందు ఐదేళ్లు పాత కార్లు బాగుచేసే షెడ్డులో పనిచేశాను. నాకు తెలిసిన ఆ రెండు పనులూ కలిసే ప్రశ్న ఇది, అందుకే పొడుగ్గా రాస్తున్నాను. తీరిగ్గా చదవండి.

ముందు ఆ తరిమే సీన్ సంగతి. అది తీసెయ్యండి. ఆ ఇద్దరూ నవ్వడంలో తప్పేమీ లేదు. కారు రోడ్డు మీద తప్ప ఇంకెక్కడా పరిగెత్తలేదు. హీరో పక్కనున్న గోడ దూకినా, నాలుగు మెట్లు ఎక్కినా, ఇరుకు సందులోకి తిరిగినా పని అయిపోతుంది. చూసేవాళ్లకి ఆ ఆలోచన వచ్చిన క్షణమే భయం పోతుంది. పైగా 1930ల నాటి మామూలు కుటుంబ కారు గంటకి వంద కిలోమీటర్లు అందుకోవడానికే ఆయాసపడుతుంది. ఇంత పెద్ద బరువు అంత నెమ్మదిగా మలుపు తిరుగుతుంటే చిన్న తెర మీద అది బరువుగా కనిపిస్తుందే తప్ప క్రూరంగా కనిపించదు.

నేనూ ఇదే పొరపాటు చేశాను. నా మొదటి కారు కథలో ఛేజ్ సీన్ రెండు రాత్రులు తీశాం. ఎడిటింగులో అది నలభై సెకన్లకి వచ్చింది, ఆ నలభై సెకన్లు కూడా పనిచెయ్యలేదు. అదే ఎపిసోడ్‌లో ఎవరూ అనుకోని షాట్ ఒకటి మాత్రం అందరినీ కుర్చీల్లో వెనక్కి జరిపింది. కారుని ఒక ఎత్తు మీద ముక్కు పైకి ఉండేలా ఆపాం. ఆ కారుకి వెనక తలుపులు ఇప్పటి కార్లలాగా ముందువైపు కాకుండా వెనకవైపు కీలు మీద తెరుచుకుంటాయి. గడియ అరిగిపోయి ఉంది. హీరోయిన్ కారు దాటుకుని నడిచి వెళ్తుంటే ఆమె వెనకాల ఆ తలుపు తన బరువుకి తనే, చప్పుడు లేకుండా, పూర్తిగా తెరుచుకుంది. కెమెరామన్ ఆపకుండా తీశాడు. లోపల చీకటి, సీటు అంచు మాత్రం కొంచెం కనిపించింది. అంతే.

ఆ రోజు నుంచి నేను నమ్మేది ఇదే: కారు మన మీదకి వస్తే అది ప్రమాదం. కారు తలుపు తెరిచి ఆగితే అది భయం. ఎందుకంటే ఎక్కేది మనమే.

ఇక అసలు విషయానికి వస్తాను. కొత్త కారులో దెయ్యం ఉందని చెప్పడం కష్టం, ఎందుకంటే కొత్త కారు ఏ తేడా చేసినా సెన్సారు పోయిందంటారు. పాత కారు అలా కాదు. అది ఏ రోజూ ఒకేలా ఉండదు. చలికి ఒక రకం, ఎండకి ఒక రకం. అలుగుతుంది, మొరాయిస్తుంది, ఉన్నట్టుండి బుద్ధిగా నడుస్తుంది. వాటితో పనిచేసేవాళ్లంతా వాటి గురించి మనుషుల గురించి మాట్లాడినట్టే మాట్లాడతారు. అంటే మీ పని సగం ఆ యంత్రమే చేసిపెట్టింది. మీరు చెయ్యాల్సిందల్లా దాని మామూలు జబ్బుల్ని వరసలో పెట్టడం. ఆ వరస ఏమిటంటే, వింత జరగ్గానే దానికి నిజమైన కారణం చెప్పించండి. చూసేవాళ్లు ఊపిరి పీల్చుకోవాలి. తర్వాత అదే వింత, ఆ కారణం ఉండటానికి వీల్లేని చోట మళ్లీ జరగాలి.

ఒక ఉదాహరణ చెప్తాను. పాత కార్లకి పెట్రోలు గొట్టం ఇంజన్ పక్కనుంచే పోతుంది. ఎండలో ఘాట్ రోడ్డు ఎక్కితే గొట్టంలో పెట్రోలు ఆవిరై బుడగలు కడుతుంది, పంపు ఆ ఆవిరిని లాగలేదు, బండి ఆగిపోతుంది. అరగంట చల్లారితే మళ్లీ ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతుంది. దాన్ని వేపర్ లాక్ అంటారు. మీ కథలో కారు ఎప్పుడూ ఒకే మలుపు దగ్గర ఆగిపోనివ్వండి. హీరోకి టెన్షన్. మెకానిక్ చూసి నవ్వి, సరిగ్గా ఆ మలుపు దగ్గరికి వచ్చేసరికి ఇంజన్ బాగా వేడెక్కుతుందండీ, గొట్టం మీద తడిగుడ్డ వెయ్యండి చాలు అంటాడు. హీరో తడిగుడ్డ వేస్తాడు, బండి కదులుతుంది. ఆ తర్వాత ఒక తెల్లవారుజామున, మంచులో, అదే దారిలో పైనుంచి కిందకి దిగుతూ, ఇంజన్ ఇంకా వేడెక్కకముందే, అదే మలుపు దగ్గర కారు మెల్లగా ఆగుతుంది. హీరో దిగడు. తడిగుడ్డ వంక చూస్తాడు. మ్యూజిక్ అక్కర్లేదు.

ఇలాంటి నిజమైన జబ్బులు పాత కార్లలో బోలెడు. నన్ను నిజంగా భయపెట్టిన దాన్ని వివరంగా చెప్తాను, మీ ఎపిసోడ్‌కి అది నడుము కాగలదు.

షెడ్డులో చేరిన రెండో ఏడు 1920ల నాటి ఓపెన్ టూరర్, అంటే గట్టి పైకప్పు లేని కారు, ఒకటి పనికి వచ్చింది. మాగ్నెటో బండి, అదేంటో కింద చెప్తాను. సాయంత్రం ట్రయల్ చూసి లోపలికి తెచ్చి పెట్టాను. స్విచ్ ఆపాను. ఇంజన్ ఆగలేదు. వేసి మళ్లీ ఆపాను, ఆగలేదు. తాళం బయటికి లాగి చేతిలో పట్టుకున్నాను. అది అదే నడకలో డబడబా నడుస్తూనే ఉంది. బ్యాటరీ తీగ పీకేశాను. అయినా నడుస్తోంది. షెడ్డులో నేనొక్కణ్నే ఉన్నాను, చేతిలో తాళం వెచ్చగా ఉంది. నా కాళ్లు వాటంతటవే వెనక్కి వెళ్లాయి.

కేక వేస్తే మేస్త్రి వచ్చాడు. తొందర పడలేదు. “ఎర్త్ వైరు తెగుంటుందిరా” అని, బానెట్ ఎత్తి పెట్రోలు ట్యాపు కట్టేసి, చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. “ఇంకా ఆగలేదేంటి మేస్త్రీ” అన్నాను. “కార్బురేటర్‌లో ఉన్నది తాగాలి కదా” అన్నాడు. అది ఇంకో నిమిషం నడిచింది. చివర్లో రెండుసార్లు ఎగిరెగిరి కొట్టుకుని ఆగింది. ఆ నిమిషం నాకు ఇప్పటికీ గుర్తుంది.

మామూలు కారులో బ్యాటరీ నుంచి కరెంటు వస్తేనే పెట్రోలుని మండించే స్పార్కు పుడుతుంది, తాళం ఆ కరెంటుని ఆపుతుంది. మాగ్నెటో అలా కాదు. ఇంజన్ తిరుగుతున్నంతసేపూ తన స్పార్కు తనే పుట్టించుకుంటుంది. దాన్ని ఆపాలంటే స్విచ్ ద్వారా ఆ కరెంటుని బాడీకి ఎర్త్ చెయ్యాలి. ఆ తీగ తెగితే స్విచ్‌కీ ఇంజన్‌కీ సంబంధమే ఉండదు. అంటే ఆ బండి నడవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఆపడానికే తీగ కావాలి. ఈ ఒక్క ముక్క మెకానిక్ నోటితో పలికించండి. చూసేవాళ్లు ఒకవైపు కారణం తెలిసిందని తేరుకుంటారు, ఇంకోవైపు ఆ మాటే వాళ్లని తొలుస్తుంది. రెండోసారి ఇంజన్ ఆగనప్పుడు హీరో మేస్త్రిలాగే ట్యాపు కట్టి చేతులు తుడుచుకుంటూ నిలబడాలి. నిమిషం అవుతుంది. రెండు నిమిషాలవుతుంది. అది ఆగదు.

మీ కారు 1930ల బండి కాబట్టి ఒక జాగ్రత్త. అప్పటికి ఎక్కువ కార్లు బ్యాటరీ కరెంటుతో స్పార్కు పుట్టించే కాయిల్‌కి మారిపోయాయి. ఈ సీన్ కావాలంటే కథలో కారుని ఒక పదేళ్లు వెనక్కి జరపండి. ఇంగ్లండులో పాత కార్ల క్లబ్బుల లెక్కలో వింటేజ్ అంటే 1930 చివరిలోపు తయారైనదే, కాబట్టి మీ డైలాగుల్లో ఆ మాట వాడటానికి కూడా అదే సరిగ్గా ఉంటుంది.

వయసు వెనక్కి జరిపితే ఇంకో లాభం, చేత్తో తిప్పి ఇంజన్ స్టార్ట్ చేసే హ్యాండిల్. క్యాడిలాక్ 1912లో కరెంటుతో తిరిగే సెల్ఫ్ స్టార్టర్ పెట్టాక కూడా చాలా ఏళ్లు కార్లకి ముందువైపు హ్యాండిల్ ఉండేది. స్పార్కు టైమింగు వెనక్కి తగ్గించకుండా తిప్పితే ఇంజన్ ఎదురు తన్ని మణికట్టు విరుగుతుంది. అందుకే బొటనవేలు హ్యాండిల్ చుట్టూ వెయ్యకూడదని, మిగతా వేళ్ల పక్కనే ఉంచాలని మొదటి రోజే నేర్పుతారు. దీనికంటే ఘోరం ఇంకోటి ఉంది. బండి గేరులో ఉండగా, హ్యాండ్ బ్రేకు సరిగ్గా పడకుండా, ముందు నిలబడి హ్యాండిల్ తిప్పితే ఇంజన్ అందుకోగానే బండి తిప్పినవాడి మీదకే వస్తుంది. వెనక గోడ ఉంటే అంతే. మీ పెదనాన్న పాత్ర చావు ఇలా జరిగిందనుకోండి. పోలీసులకి అది ప్రమాదం. కానీ ఆయన నలభై ఏళ్లు ఆ బండిని తిప్పినవాడు, ప్రతిసారీ గేరు రాడ్‌ని అటూ ఇటూ ఆడించి చూసుకున్నాకే ముందుకి వెళ్లేవాడు. ఆ అలవాటుని కథ మొదట్లోనే ఒక ఫొటోలోనో పాత వీడియోలోనో చూపించండి. ఎవరూ దెయ్యం అన్న మాట ఎత్తకుండానే చూసేవాళ్లకి అర్థమవుతుంది.

లైట్ల సంగతి. ఆ కాలపు కార్లు చాలావరకు ఆరు వోల్టులవి. డైనమో నెమ్మదిగా తిరిగినప్పుడు కరెంటు చాలదు, హెడ్‌లైట్లు ఎర్రగా మసకబారతాయి. ఎక్సిలరేటర్ మీద కాలు వెయ్యగానే తెల్లగా వెలుగుతాయి. దూరం నుంచి చూస్తే ఊపిరి తీసుకుంటున్నట్టే ఉంటుంది. మీరు ఏ గ్రాఫిక్సూ వాడక్కర్లేదు. చీకట్లో నిలబడ్డ కారు, ఐడిలింగ్‌లో ఇంజన్, దానితోపాటు లైట్లు పెరుగుతూ తగ్గుతూ. హీరో కిటికీలోంచి చూస్తుంటాడు.

1930ల యూరప్ కార్లలో ఇండికేటరంటే వెలిగి ఆరే బల్బు కాదు. తలుపుల మధ్య కంబంలోంచి అడుగు కంటే చిన్న చెయ్యి ఒకటి టక్‌మని పక్కకి లేచేది, దానిలో నారింజ రంగు దీపం. ట్రాఫికేటర్ అనేవారు. మీ బండిని ఇరవైలకి జరిపితే దీన్ని తర్వాత బిగించినట్టు పెట్టుకోండి. అది తరచూ ఇరుక్కునేది, లోపలినుంచి కంబం మీద గుద్దితే గానీ బయటికి రాదు. తాళం వేసి ఆపిన కారు. రాత్రి. ఇంటివైపున్న చెయ్యి టక్‌మని లేస్తుంది. అది ఇంటిని చూపిస్తోంది. నాకు తెలిసి పాత కారు చెయ్యగల సైగల్లో ఇంతకంటే చెడ్డది లేదు. దీన్ని తెర మీద ఇంతవరకూ నేను చూడలేదు, మీరు వాడుకోండి.

వాన సీన్ పెట్టాలనుకుంటే వైపర్లు. చాలా పాత కార్లలో వైపరుకి కరెంటు మోటారు ఉండదు, ఇంజన్ లోపలి పీల్పుతో నడుస్తుంది. కాలు వదిలితే చకచకా ఆడతాయి. ఎక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ఆ పీల్పు తగ్గిపోయి వైపర్లు నిలిచిపోతాయి. అంటే పారిపోవాలని ఎంత గట్టిగా తొక్కితే అద్దం అంత గుడ్డిదవుతుంది. ఇది దెయ్యం పని కాదు, ఆ కాలపు ఇంజనీరింగ్. కానీ లోపల కూర్చున్నవాడికి ఆ తేడా తెలియదు.

రేడియో కూడా, అదీ తర్వాత బిగించిందే అనుకోండి. పాత రేడియోలో గాజు వాల్వులు వేడెక్కేదాకా మాట రాదు. హీరో నాబ్ తిప్పుతాడు, ఏమీ రాదు, వదిలేసి బండి నడుపుతుంటాడు. అర నిమిషం తర్వాత ఎక్కడో లోతునుంచి ఒక గొంతు మెల్లగా పైకి వస్తుంది.

పాత కారుకీ దెయ్యాల కథలకీ ఉన్న నిజమైన బంధం మాత్రం కార్బన్ మోనాక్సైడ్, పొగలో ఉండే విషవాయువు. 1921లో విల్మర్ అనే అమెరికన్ కంటి వైద్యుడు ఒక కుటుంబం గురించి వైద్య పత్రికలో రాశాడు. వాళ్లు ఒక పాత ఇంట్లో దిగారు. అడుగుల చప్పుళ్లు, ఎవరో చూస్తున్నారన్న భావన, రాత్రిపూట మనుషులు కనిపించడం, తలనొప్పులు, ఇంట్లో మొక్కలు చచ్చిపోవడం. చివరికి తేలిందేమిటంటే, ఇల్లు వెచ్చబెట్టే కొలిమి పాడై దాని పొగ పైకి పోకుండా గదుల్లోకి వస్తోంది. పాత కారులో సైలెన్సర్ గొట్టం చిల్లు పడితే, ఇంజన్ దగ్గర గ్యాస్కెట్ పోతే, చెక్క ఫ్లోర్ సందుల్లోంచి సరిగ్గా అదే వాయువు లోపలికి వస్తుంది. దానికి వాసన ఉండదు. ముందు తల బరువు, తర్వాత వికారం, తర్వాత మతి తప్పడం, ఆ తర్వాత నిద్ర. మీ హీరోకి వెనక సీట్లో ఎవరో కూర్చున్నట్టు కనిపిస్తే డాక్టరు ఈ మాట చెప్పి అద్దాలు దించి నడపమంటాడు, మేస్త్రి గొట్టం వెల్డింగ్ చేస్తాడు. ఇక చూసేవాళ్ల మనసులో ఆ కేసు మూసుకుపోతుంది. ఆ తర్వాత అద్దాలన్నీ దించి ఉన్న కారులో, గాలి మొహానికి కొడుతుండగా, మీరు ఆ వెనక సీటుని మళ్లీ చూపించాలి.

ఇప్పుడు అందరూ దాటేసే ప్రశ్న. ఆ కారుకి ఏం కావాలి? నడిపినవాళ్లందర్నీ చంపుతుంది అన్నది కోరిక కాదు. పిడుగు కూడా చంపుతుంది.

టీవీలో దీనికి మంచి పాఠం ట్విలైట్ జోన్ అనే పాత అమెరికన్ సీరియల్. 1960 అక్టోబరులో వచ్చిన ఒక ఎపిసోడ్‌లో యంత్రాల్ని అసహ్యించుకునే మనిషి మీద ఇంట్లోని యంత్రాలన్నీ తిరగబడతాయి, చివరికి అతని కారే అతన్ని తరిమి ఈతకొలనులో పడేస్తుంది. 1964 జనవరిలో వచ్చిన ‘యూ డ్రైవ్’లో కారు ఎవరినీ చంపదు. యజమాని సైకిల్ మీద వెళ్తున్న కుర్రాణ్ని గుద్ది పారిపోతాడు, కుర్రాడు చనిపోతాడు. ఆ రోజునుంచి కారు రాత్రిపూట లైట్లు వెలిగిస్తుంది, హారన్ కొడుతుంది, అతని వెనకే వస్తుంది. చివర్లో తలుపు తెరుస్తుంది. అతను ఎక్కుతాడు. అది పోలీస్ స్టేషన్ ముందు ఆగుతుంది. రెండింట్లోనూ డ్రైవరు లేని కారే, రెండింట్లోనూ తరమడం ఉంది. మొదటిది చూసి మర్చిపోవచ్చు. రెండోది మర్చిపోలేం, ఎందుకంటే ఆ కారుకి ఒకే ఒక్క కోరిక ఉంది, అది న్యాయమైన కోరిక. అతను ఒప్పుకునేదాకా అది ఊరుకోదు.

ఇంకో దారి ఎన్ఓఎస్4ఎ2 సీరియల్. 2019లో మొదలై రెండు సీజన్లు నడిచింది. అందులో కారు 1938 నాటి రోల్స్‌రాయిస్ రేత్. ఆ పేరుకే ప్రేతం అని అర్థం. ఆ కంపెనీ కార్ల పేర్లు ముందునుంచీ అలాంటివే, సిల్వర్ ఘోస్ట్, ఫాంటమ్, రేత్. చప్పుడు చెయ్యకుండా నీడలా పోతాయన్న గొప్పకోసం పెట్టినవి. ఆ కథలో వెనక సీట్లో కూర్చున్న పిల్లల ప్రాణశక్తిని పీల్చి కారు తన యజమానిని యవ్వనంలో ఉంచుతుంది. కారుకి దెబ్బ తగిలితే అతను ముసలివాడవుతాడు. ఇక్కడ కోరికతోపాటు లెక్క కూడా స్పష్టంగా ఉంది. ఎవరు ఏమిస్తే ఏమొస్తుందో తెలుసు. మీ కారుకి కూడా ఇలాంటి ఒక బేరం ఉండాలి. అది తెర మీద చెప్పకపోయినా ఫరవాలేదు, మీకు తెలిసి ఉండాలి.

తరిమే కథే రాయాలని గట్టిగా ఉంటే 1971లో అమెరికన్ టీవీ కోసం స్పీల్‌బర్గ్ తీసిన డ్యూయల్ చూడండి. అందులో ఉన్నది కారు కాదు, ట్యాంకరు లారీ. డ్రైవరు చెయ్యీ బూట్లూ కనిపిస్తాయి కానీ మొహం ఎప్పుడూ కనిపించదు. లారీ ముందు వేర్వేరు రాష్ట్రాల నంబరు ప్లేట్లు వరసగా బిగించి ఉంటాయి. వాటి గురించి ఎవరూ ఒక్క డైలాగు కూడా చెప్పరు. గతం చెప్పడమంటే అదీ. మీ స్క్రిప్టులో పూజారి పాత్ర నాలుగు నిమిషాలు చెప్పే శాపం కథ కంటే ఆ ప్లేట్లు ఎక్కువ చెప్తాయి.

శాపం గురించి ఇంకో మాట. 1914 జూన్ 28న సారయేవోలో ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ హత్యకి గురైన కారు మీద పెద్ద కథే ప్రచారంలో ఉంది. గ్రాఫ్ అండ్ స్టిఫ్ట్ కంపెనీ కారు అది. తర్వాత చేతులు మారుతూ ప్రతి యజమానినీ చంపిందని చెప్తుంటారు. అదంతా కల్పితం. ఆ కారు హత్య జరిగాక వియన్నాలోని సైనిక మ్యూజియానికి వెళ్లింది, ఇప్పటికీ అక్కడే ఉంది. నిజంగా జరిగింది ఆ కల్పన కంటే భయంకరం. డ్రైవరుకి దారి మారిన సంగతి ఎవరూ చెప్పలేదు. తప్పు మలుపు తిరిగాడు. వెనక్కి తియ్యడానికి కారు ఆపాడు. ఆగిన చోటికి కొన్ని అడుగుల దూరంలో పిస్తోలుతో హంతకుడు ప్రిన్సిప్ నిలబడి ఉన్నాడు. శాపం లేదు, దెయ్యం లేదు. ఒక కారు ఆగకూడని చోట ఆగింది, అంతే. మీ కథలో చచ్చిపోయినవాళ్ల జాబితా పెంచకండి. ఒక్క చావు చాలు, కారు ఎక్కడ ఆగిందో మాత్రం ఎవరికీ మర్చిపోవడానికి వీల్లేకుండా చెప్పండి.

కారు మొహం గురించి కూడా ఆలోచించండి. మనం కారు ముందుభాగాన్ని మొహంలాగే చూస్తాం. వియన్నా పరిశోధకులు 2008లో దీని మీద చేసిన అధ్యయనంలో వెడల్పుగా, సన్నటి లైట్లతో ఉన్న కార్లని జనం పెత్తనం చేసేవాటిగా చూశారు. ఇరవైలూ ముప్ఫైల కారు మొహం దానికి సరిగ్గా ఎదురు. నిలువుగా ఇరుకైన రేడియేటర్, విడివిడిగా పెద్ద గుండ్రటి కళ్లు. అది కోపంగా ఉండదు. దిగులుగా, కన్నార్పకుండా చూస్తున్నట్టు ఉంటుంది, మాట పడిపోయిన పెద్దమనిషిలాగా. మీ స్క్రిప్టులో ‘కారు క్రూరంగా గర్జించింది’ అని మూడు చోట్ల ఉంది. ఆ మొహానికి ఆ గర్జన అతకదు. దాని భయం చూపులో ఉంది. ఎదురుగా, కంటి ఎత్తులో కెమెరా పెట్టి కదలకుండా ఉంచండి. కింద పెట్టి పైకి చూపిస్తే విలన్ ఎంట్రీలాగా అయిపోతుంది.

మీ కథని నేనైతే ఎలా తిప్పుతానో చెప్తాను. పెదనాన్న ఒకప్పుడు ఆ మలుపు దగ్గర ఒక మనిషిని గుద్దాడు. ఆగాడు, దిగి చూశాడు, బతికే ఉన్నాడని తెలిసి కూడా ఎక్కించుకోకుండా వెళ్లిపోయాడు. కారుకి కావాల్సింది ఆ మనిషిని ఎక్కించుకోవడం. అందుకే అది ఆ మలుపు దగ్గర ఆగుతుంది, అందుకే వెనక తలుపు తెరుచుకుంటుంది. ఇప్పుడు మీకున్న ప్రతి వింతకీ ఒకే మూలం దొరికింది. హీరో పాపం చెయ్యనివాడు కాబట్టి మొదట్లో మనకి అతని మీద జాలి ఉంటుంది. తర్వాత అతనికి నిజం తెలుస్తుంది, చనిపోయిన ఆ మనిషి కుటుంబం ఎక్కడుందో కూడా తెలుస్తుంది. ఆస్తి పోతుందని అతనూ నోరు మూసుకుంటాడు. అక్కణ్నుంచి కారు అతనిది. అప్పటిదాకా జరిగినవన్నీ పెదనాన్న అప్పు, ఇక జరిగేది అతని సొంత అప్పు.

చివరి సీన్‌లో కారు తరమదు. మలుపు దగ్గర ఆగుతుంది. హీరో ముందు సీట్లో ఉన్నాడు. వెనక తలుపు తెరుచుకుంటుంది. స్ప్రింగులు ఒక మనిషి బరువుకి కిందకి దిగుతాయి, పాత లెదర్ సీటు కిర్రుమంటుంది. తలుపు మూసుకుంటుంది. ట్రాఫికేటర్ టక్‌మని లేస్తుంది. హీరో స్టీరింగు మీద చేతులు పెట్టి అలాగే కూర్చుంటాడు. వెనక్కి తిరిగి చూడడు, చూపించకండి. అక్కడ కట్ చెయ్యండి.

స్ప్రింగులు కిందకి దిగే షాట్‌కి ఖర్చేమీ లేదు. వెనక బంపరు కింద ఇద్దరు కుర్రాళ్లు పడుకుని దాన్ని ఒక్కసారిగా కిందకి లాగితే చాలు. డ్రైవరు లేకుండా బండి కదిలే షాట్లు ఒకటి రెండుకి మించి పెట్టుకోకండి. సీటు కవరులాంటి దుస్తుల్లో స్టంట్ డ్రైవరుని దాచి కూర్చోబెడతారు, పగటి వెలుతురులో దగ్గరగా తీస్తే దొరికిపోతుంది. అద్దెకి తెచ్చిన పాత కారుని గంటలకొద్దీ ఐడిలింగ్‌లో ఉంచకండి. వాటిలో చాలావాటికి నీటి పంపు ఉండదు, నీళ్లు మరిగిపోతాయి. బ్రేకులు నాలుగు చక్రాలకీ ఉన్నాయో లేదో ముందే అడగండి. యజమానో, ఆ బండి తెలిసిన మెకానికో సెట్ మీద ఉండాలి. నటుణ్ని వాలు మీద నడపనివ్వకండి.

శబ్దం షూటింగు రోజున దొరకదు, వేరే రోజు పెట్టుకోండి. సైలెన్సర్ దగ్గర ఒక మైకు, బానెట్ లోపల ఒకటి, వెనక సీటు మీద ఒకటి. వెనక సీటు మైకే మీకు ఎక్కువ పనికొస్తుంది, ఎందుకంటే అక్కడ కూర్చున్నవాడి చెవి అది. చెక్క చట్రం మీద రేకు బిగించిన బాడీ అయితే రాత్రి చల్లబడేకొద్దీ అది కీచుమంటూ సర్దుకుంటుంది, ఆ చప్పుళ్లు కూడా పట్టుకోండి. ఇంజన్ బాగా వేడెక్కించి ఆపేశాక వెంటనే రికార్డింగు ఆపకండి. ఇనుము చల్లారుతూ టిక్, టిక్ అంటుంది, ముందు దగ్గరదగ్గరగా, తర్వాత దూరందూరంగా. ఇరవై నిమిషాలదాకా రావచ్చు. మొత్తం తీసుకోండి. మీ ఎపిసోడ్ మొదటి షాట్ దానితోనే మొదలవ్వాలి: నెల రోజులుగా తాళం వేసి ఉన్న షెడ్డు, తలుపు తియ్యడానికి వచ్చిన హీరో చేతిలో తాళంచెవి, లోపలినుంచి ఆ టిక్, టిక్.